నాన్న ఓసీటీ (కంటి లోపలి పొరల మందం కొలిచే స్కాన్) రిపోర్టు నిండా ఎరుపే. ఇది గ్లాకోమాయేనా?

లారీ గారి అబ్బాయి
ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

మా నాన్నకు 52 ఏళ్లు. పాతికేళ్లకు పైగా లారీ నడుపుతున్నారు. చీమకుర్తి నుంచి చెన్నై పోర్టుకు గ్రానైట్ దిమ్మెలు తోలతారు. నిరుడు సంక్రాంతి దాటాక "పక్క నుంచి వచ్చే బైకు ముందుకు దూరాక గానీ తెలియడం లేదురా" అనడం మొదలుపెట్టారు. మేం లారీ అద్దాలు మార్పించాం. ఆ తర్వాత ఇంట్లో గుమ్మాలకు భుజాలు తగలడం మొదలైతే అమ్మ పట్టుబట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. కంటి నరం మధ్యలో ఉండే గుంట, నరం తల వెడల్పులో కుడికంట్లో 0.6 వంతు, ఎడమకంట్లో 0.65 వంతు ఉందన్నారు. ప్రెజర్ 15, 14. ప్రెజర్ బాగానే ఉన్నా నరం పాడవుతోంది కాబట్టి నార్మల్ టెన్షన్ గ్లాకోమా అని చెప్పి, రాత్రిపూట వేసుకునే చుక్కలు రాశారు.

తొమ్మిది నెలలుగా ఒక్క రాత్రి కూడా మానలేదు. ప్రెజర్ 11కి దిగింది. చూపు మాత్రం తగ్గుతూనే ఉంది. ఇంతకుముందు 6/6 చదివే మనిషి ఇప్పుడు 6/12 దగ్గర ఆగిపోతున్నారు. ఫీల్డ్ టెస్టులో (చుట్టుపక్కల ఎంతవరకు కనపడుతుందో చూసే పరీక్ష) ఆయన జోగుతున్నారట, నమ్మలేమని పక్కన పెట్టారు. పోయిన వారం తీసిన ఓసీటీలో నరాల పొర సగటు మందం కుడి 74, ఎడమ 71 మైక్రాన్లు. కాగితం నిండా ఎరుపే, అంటే మామూలు కన్నా పలచన అట. "గ్లాకోమా ముదురుతోంది, ఇంకో చుక్క కలుపుదాం" అన్నారు.

నా అనుమానం ఒక్కటే. మందు పనిచేసి ప్రెజర్ తగ్గినా చూపు ఎందుకు తగ్గుతోంది? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.


పాలకొల్లు పంతులు
ఆదివారం, రాత్రి 10:15

బాబూ, నాకు గ్లాకోమా వచ్చి 11 ఏళ్లయింది. ఇది మొండి జబ్బు. చుక్కలు వేసినా ఒక్కోసారి ముదురుతుంది. డాక్టరు ఇంకో చుక్క కలుపుతానంటే కలపనివ్వండి. నెట్‌లో నలుగుర్ని అడిగి మందులు ఆపేసి చూపు పోగొట్టుకున్నవాళ్లను మా ఊళ్లోనే ఇద్దర్ని చూశాను. ఎల్‌వీ ప్రసాద్ వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో గ్లాకోమా ఉన్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా తమకు జబ్బున్న సంగతే తెలియదట. మీ నాన్నగారికి తెలిసింది, అదే అదృష్టం అనుకోండి.


గుంటూరు ఆప్టో
ఆదివారం, రాత్రి 10:52

పంతులు గారు, చుక్కలు ఆపమని ఎవరూ అనలేదు లెండి.

తమ్ముడూ, నేను ఆప్టోమెట్రిస్టుని. రోజుకు పాతిక ముప్పై ఓసీటీలు తీస్తాను. జబ్బు పేరు చెప్పడం నా పని కాదు, కానీ కాగితం ఎలా చదవాలో చెప్పగలను. "నిండా ఎరుపు" అంటే నాకేమీ తెలియదు. ఆ ఎరుపు ఎక్కడుందన్నదే అసలు సంగతి. సగటు 74 అన్న అంకె గ్లాకోమాలోనూ వస్తుంది, పాత ఆప్టిక్ న్యూరైటిస్‌లోనూ (కంటి నరం వాపు) వస్తుంది, మెదడులో గడ్డ నొక్కినా వస్తుంది. రక్తహీనత అని రాసిన రిపోర్టు లాంటిది అది. రక్తం తక్కువని చెబుతుంది, ఎందుకు తక్కువో చెప్పదు.

మూడు సంగతులు చూసి చెప్పు.

నరం చుట్టూ గడియారంలా గీసిన వలయంలో ఎరుపు ఏ గంటల దగ్గర ఉంది? పైనా కిందా, అంటే 12, 6 చుట్టుపక్కలా? లేక అడ్డంగా 3, 9 దగ్గరా?

రెండో పేజీలో గ్యాంగ్లియన్ సెల్ మ్యాప్ ఉంటుంది, నరం పోగులు బయల్దేరే రెటీనా కణాల పొర మందం చూపే బొమ్మ. మధ్యలో చిన్న గుడ్డు ఆకారం, చుట్టూ ఆరు ముక్కలు. అక్కడ ఎరుపు ఎటు?

సిగ్నల్ స్ట్రెంగ్త్ అని పదికి ఎంతో వేసి ఉంటుంది. ఆరు కన్నా తక్కువైతే ఆ కాగితం గురించి ఇక మాట్లాడుకోనక్కర్లేదు.


లారీ గారి అబ్బాయి
ఆదివారం, రాత్రి 11:20

అక్కా, సిగ్నల్ రెండు కళ్లకీ 8/10.

వలయంలో పైనా కిందా పసుపు, కొంత ఆకుపచ్చ. 3 దగ్గరా 9 దగ్గరా ఎరుపు. రెండు కళ్లకీ అంతే.

రెండో పేజీ ఇప్పటిదాకా ఎవరూ మాకు చూపించలేదు. కుడికన్ను బొమ్మలో కుడి సగం ఎరుపు. ఎడమకన్ను బొమ్మలో ఎడమ సగం ఎరుపు. రెండూ కాగితం మధ్యకు మొహం పెట్టి ఎదురుబొదురుగా ఉన్నాయి. నడిమికి స్కేలు పెట్టి నిలువుగా గీత గీసినట్టుంది.


గుంటూరు ఆప్టో
ఆదివారం, రాత్రి 11:34

స్కేలు పెట్టి నిలువుగా గీసినట్టు. తమ్ముడూ, ఈ మాట నువ్వు అనుకోకుండా రాసి ఉంటావు గానీ ఈ మొత్తం చర్చలో ముఖ్యమైన మాట ఇదే. ఎందుకో చెబుతాను.

రెటీనాలోని కణాల నుంచి బయల్దేరే పోగులు, దాదాపు 12 లక్షలు, అన్నీ నరం దగ్గరికి చేరతాయి. కణత వైపు నుంచి వచ్చే పోగులు నేరుగా రాలేవు, మధ్యలో చూపుకి కేంద్రమైన మాక్యులా అడ్డం. అందుకని కొన్ని దాని పైనుంచి, కొన్ని కిందనుంచి విల్లులా వంగి వస్తాయి. పై పోగులు కిందికి రావు, కింది పోగులు పైకి పోవు. మధ్యలో అడ్డంగా ఒక సరిహద్దు. పొలానికి గట్టు ఉన్నట్టు. గ్లాకోమాలో దెబ్బ తగిలేది నరం మొదట్లో, ఎక్కువగా పై అంచునో కింది అంచునో. ఆ అంచుకు చేరే పోగులే ఎండిపోతాయి. కాబట్టి గ్లాకోమా వాళ్ల మ్యాపులో ఎరుపు గట్టుకు ఒకవైపు ఉండి, అడ్డగీత దగ్గర టక్కున ఆగుతుంది.

నిలువు గీత కంట్లో పుట్టదు. అది మెదడు దగ్గర పుడుతుంది. రెండు కళ్ల నరాలు కలిసే కూడలి ఉంది, కయాజం అంటారు. అక్కడ ప్రతి కంటిలోనూ ముక్కు వైపు సగం నుంచి వచ్చిన పోగులు అవతలి పక్కకు దాటతాయి, కణత వైపువి దాటకుండా తమ దారిన పోతాయి. కూడలి నడిమి మీద ఏదైనా ఒత్తితే దెబ్బ తినేవి దాటే పోగులు, అంటే రెండు కళ్లలోనూ ముక్కు వైపు సగాలే. ముక్కు వైపు రెటీనా చూసేది బయటి వైపు దృశ్యాన్ని. మీ నాన్నగారికి పక్క నుంచి వచ్చే బైకు ఎందుకు కనపడటం లేదో, రెండు భుజాలూ గుమ్మాలకు ఎందుకు తగులుతున్నాయో ఇప్పుడు నువ్వే ఆలోచించు.

ఆ ముక్కు వైపు పోగులు నరంలోకి దిగేది 3, 9 గంటల దగ్గరే. వలయం కూడా అదే చెబుతోంది.

నేను ఇంతకన్నా చెప్పకూడదు. డాక్టరు గారు ఎవరైనా ఉంటే చూడండి.


న్యూరో ఐ
సోమవారం, ఉదయం 6:10

డ్యూటీకి వెళ్తూ రాస్తున్నాను. నేను న్యూరో ఆఫ్తాల్మాలజీ, అంటే కంటి నరాల వైద్యం చేస్తాను. మీ నాన్నగారిని నేను చూడలేదు కాబట్టి ఇది రోగనిర్ధారణ కాదు. కానీ మీరు రాసింది నిజమైతే ఈ వారంలోనే కాంట్రాస్ట్‌తో ఎంఆర్‌ఐ తీయించండి. రాసే డాక్టరుకు "పిట్యూటరీ, కయాజం దగ్గర సన్నటి స్లైసులతో" అని చెప్పండి. పిట్యూటరీ అంటే కయాజం కింద ఉండే చిన్న గ్రంథి. మామూలు బ్రెయిన్ ఎంఆర్‌ఐ తీస్తే ఆ చోట వివరంగా రాకపోవచ్చు. రక్తంలో ప్రొలాక్టిన్, ఉదయం 8 గంటల కార్టిసోల్, థైరాయిడ్ హార్మోన్ల పరీక్షలు కూడా.

చుక్కలు మీ అంతట మీరు మానకండి. హఠాత్తుగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు ఒక్కసారిగా పడిపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి.

ఒక మాట ఆ మొదటి డాక్టరు తరఫున. కయాజం మీద ఒత్తిడి ఉన్నవాళ్లలో కూడా గుంట పెద్దదవుతుంది. గుంట చూసి పొరబడటం తేలిక. తేడా తెలిసేది గుంటలో కాదు, దాని చుట్టూ మిగిలిన అంచులో. గ్లాకోమాలో అంచు సన్నబడుతుంది గానీ మిగిలినంత మేరా గులాబీ రంగులోనే ఉంటుంది. అంచు ఉండవలసినంత ఉండి తెల్లగా పాలిపోయిందంటే వేరే కారణం వెతకాలి. ఇది ఓసీటీలో కనపడదు. ఓసీటీకి రంగు తెలియదు, మందమే తెలుసు. కాబట్టి పక్కనే రంగు ఫోటో ఉండాలి, అంతకన్నా ముందు డాక్టరు కళ్లతో చూడాలి.

నార్మల్ టెన్షన్ గ్లాకోమా అన్న ప్రతివాళ్లకూ ఎంఆర్‌ఐ అక్కర్లేదు. వయసు 50 లోపుంటే, గుంటతో పోలిస్తే చూపు మరీ తగ్గితే, అంచు పాలిపోతే, ఫీల్డ్‌లో లోపం నిలువు గీత దగ్గర ఆగితే మాత్రం తీయాలి.


మోడరేటర్
సోమవారం, ఉదయం 8:30

రిపోర్టుల ఫోటోలు పెట్టేవాళ్లు పేరు, ఆసుపత్రి నంబరు చెరిపి పెట్టండి. ఆసుపత్రుల పేర్లు పెట్టి తిట్టే పోస్టులు రెండు తీసేశాను.


ఎడమకన్ను
సోమవారం, ఉదయం 11:05

అబ్బాయీ, ధైర్యంగా ఉండు. నా అనుభవం వేరే జబ్బుది, కానీ బొమ్మ చూసి పొరబడటం గురించే కాబట్టి ఇక్కడే రాస్తున్నా.

నాలుగేళ్ల కిందట ఎడమకన్ను తిప్పితే నొప్పి, మూడు రోజుల్లో చీకటి. మొదట చూసినాయన లైటు వేసి చూసి, ఫోటో తీసి, "నరం బాగానే ఉందమ్మా, ఒత్తిడి తగ్గించుకోండి" అని పంపారు. నరం వాపు కంటి వెనక ఉంటే ముందు నుంచి చూసేవాళ్లకు ఏమీ కనపడదని నాకు తర్వాత తెలిసింది. రోగికీ ఏమీ కనపడదు, డాక్టరుకీ ఏమీ కనపడదు అని దీని మీద పాత జోకు ఒకటుందట. నాకు నవ్వు రాలేదు.

చివరికి రక్తంలో ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ తేలింది, జబ్బు ఎన్‌ఎంఓ (ఒంటి రక్షణ వ్యవస్థే కంటి నరాన్నీ వెన్నునూ దెబ్బతీసే జబ్బు) అన్నారు. సెలైన్‌లో స్టెరాయిడ్లు, తర్వాత ప్లాస్మా మార్పిడి. ఇప్పుడు రిటుక్సిమాబ్ మీద ఉన్నా. ఓసీటీలో నరాల పొర కుడికన్ను 96 మైక్రాన్లు, ఎడమకన్ను 48.

న్యూరో ఐ గారూ, 48 అంటే సగం మిగిలినట్టే కదా? మరి నాకు ఆ కంట్లో చెయ్యి ఊపితే తప్ప ఎందుకు తెలియడం లేదు? ఇన్నాళ్లూ ఎవర్నీ అడగలేదు.


న్యూరో ఐ
సోమవారం, రాత్రి 9:15

అమ్మా, కష్టమైన జవాబే. ఆ పొరలో పోగులొక్కటే ఉండవు. రక్తనాళాలు, పోగుల్ని పట్టి ఉంచే కణజాలం కూడా ఉంటాయి. పోగులన్నీ పోయినా అవి మిగులుతాయి. అందుకే ఎంత పాడైన కంట్లోనైనా మందం దాదాపు 50 దగ్గర ఆగిపోతుంది, సున్నాకు రాదు. సగం మిగల్లేదు. అది నేల మట్టం.

మీ పోస్టు వల్ల ఇంకో సంగతి చెప్పే వీలు దొరికింది. మూడు నరాల జబ్బులు బయటికి ఒకేలా మొదలవుతాయి: ఎంఎస్‌తో (మెదడు, వెన్ను నరాల పొరలను దెబ్బతీసే జబ్బు) వచ్చే న్యూరైటిస్, మీకు వచ్చిన ఎన్‌ఎంఓ, ఇంకా మాగ్ యాంటీబాడీ జబ్బు. ఓసీటీ వీటిని పేరు పెట్టి పిలవలేదు, కానీ గుర్తులు ఇస్తుంది. ఎంఎస్‌లో ఒక్క దాడికి నరాల పొర సాధారణంగా పది, ఇరవై మైక్రాన్లు తగ్గుతుంది, అందులోనూ కణత వైపు ఎక్కువ. ఎన్‌ఎంఓ ఒక్క దాడితోనే చాలా ఎక్కువ తీసుకుపోతుంది. లోపలి పొరలో చిన్న చిన్న నీటి బుడగల్లాంటివి కూడా ఎన్‌ఎంఓలోనే తరచుగా చూస్తాం. మాగ్‌లో మొదట నరం తల బాగా ఉబ్బుతుంది, తరచు రెండు కళ్లకూ వస్తుంది. పొర బాగా పలచబడ్డా చూపు ఆశ్చర్యంగా తిరిగి వస్తుంది.

ఓసీటీ ఎప్పుడు తీశారన్నది కూడా చూడాలి. దాడి మొదట్లో పొర ఉబ్బి ఉంటుంది, తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లో పలచబడుతుంది. ఉబ్బు దిగుతూ పలచబడే దారిలో ఒకనాడు "నార్మల్" అంకె మీదుగా వెళ్తుంది. సరిగ్గా ఆ వారం తీస్తే కాగితం అంతా ఆకుపచ్చ! లోపలి గ్యాంగ్లియన్ పొర అలా ఉబ్బదు, నెలా రెండు నెలల్లోనే తగ్గుదల చూపిస్తుంది. రెండు కళ్లనూ పోల్చడం మరీ ముఖ్యం. 2022లో వచ్చిన ఆప్టిక్ న్యూరైటిస్ ప్రమాణాల్లో రెండు కళ్ల మధ్య గ్యాంగ్లియన్ పొరలో 4, నరాల పొరలో 5 మైక్రాన్లు దాటిన తేడాను ఆధారంగా తీసుకున్నారు. ఎంఎస్ నిర్ధారణకు వాడే మెక్‌డొనాల్డ్ ప్రమాణాల 2024 సవరణలో జబ్బు గుర్తులు వెతికే చోట్లలో ఐదోదిగా కంటి నరాన్ని చేర్చారు. ఒకప్పుడు ఓసీటీని న్యూరాలజిస్టులు పట్టించుకునేవాళ్లు కాదు, ఇప్పుడు వాళ్లే అడిగి తీయిస్తున్నారు.

చదివేవాళ్ల కోసం చిన్న హెచ్చరిక. కన్ను తిప్పితే నొప్పి, చూపు తగ్గుదల ఉన్నప్పుడు మందుల షాపులో స్టెరాయిడ్ మాత్రలు కొనుక్కోకండి. అమెరికాలో 457 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 1992లో వచ్చాయి. మామూలు డోసు ప్రెడ్నిసోన్ మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్లకు దాడులు మళ్లీ మళ్లీ ఎక్కువగా వచ్చాయి.


ఎడమకన్ను
సోమవారం, రాత్రి 9:40

నేల మట్టం. సరే. తెలియకపోవడం కన్నా ఇదే నయం. థాంక్సండీ.


మైనస్ తొమ్మిది
మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాకు రెండు కళ్లకీ మైనస్ 9 పవర్. వయసు 29. కంపెనీ హెల్త్ చెకప్‌లో ఓసీటీ తీస్తే ఎర్రటి ముక్కలు వచ్చాయి. ఈ థ్రెడ్ చదివాక భయంతో ఎంఆర్‌ఐ బుక్ చేయబోయాను. నా ఎరుపు పైనా కిందా ఉంది, కణత వైపు మాత్రం మామూలు కన్నా మందంగా ఉందట. గ్రాఫులో నా గీతకూ రెండు గుట్టలున్నాయి, కానీ ఆకుపచ్చ గుట్టలకన్నా పక్కకు జరిగి ఉన్నాయి. నేనూ పోతానా?


గుంటూరు ఆప్టో
మంగళవారం, మధ్యాహ్నం 2:05

పోవు, అన్నం తిను ముందు.

మా దగ్గర దీనికి "రెడ్ డిసీజ్" అని పేరు. కన్ను బాగుంటుంది, కాగితానికే జబ్బు. ఎక్కువ మైనస్ ఉన్నవాళ్ల కన్ను పొడుగ్గా సాగుతుంది. పోగుల కట్టలు రెండూ మాక్యులా వైపు, అంటే కణత వైపు జరుగుతాయి. మిషన్ మాత్రం అవి ఎప్పటి చోటే ఉంటాయనుకుని అక్కడ వెతికి, దొరకలేదని ఎరుపు కొడుతుంది. మిషన్‌కు తెలిసిన "నార్మల్" అంటే కొన్ని వందల మంది ఆరోగ్యవంతుల కొలతలే. వాళ్లలో మైనస్ 9 వాళ్లు ఎందరుంటారు చెప్పు? తిరుపతి లడ్డూ అచ్చులో కాజా పోసి ఆకారం రాలేదన్నట్టుంటుంది.

అలాగని మైనస్ ఎక్కువున్నవాళ్లకు గ్లాకోమా రాదని కాదు, వచ్చే అవకాశం వాళ్లకే ఎక్కువ. అందుకని ఈ కాగితాన్ని మొదటి మైలురాయిగా దాచుకో. వచ్చే ఏడు అదే మిషన్ మీద తీయించు. ఊరివాళ్లతో కాదు, నీతో నిన్ను పోల్చుకోవాలి. మిషన్ మారితే అంకెలు మారతాయి, అవి ఒకదానితో ఒకటి పోల్చడానికి పనికిరావు.


సిరిసిల్ల చేనేత
మంగళవారం, సాయంత్రం 6:45

అక్కా, మా మామయ్యకు టీబీ మందులు నడుస్తున్నయి, నాలుగో నెల. వారం నుంచి ఎర్ర దారం, గోధుమ రంగు దారం ఒక్కలాగే కనపడుతున్నయంటున్నడు. మగ్గం మీద రంగు తప్పిండు, ఎన్నడూ లేనిది. ఓసీటీ తీపిస్తే నార్మల్ వచ్చింది, ఏం కాదన్నరు. ఊకోమంటరా?


న్యూరో ఐ
మంగళవారం, సాయంత్రం 7:00

ఊకోవద్దు. రేపు పొద్దున్నే టీబీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఆ మందుల్లో ఇథాంబ్యుటాల్ ఉంటుంది. కొందరిలో అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, రెండు కళ్లకూ, నొప్పి లేకుండా, ముందు రంగుల దగ్గర మొదలై. తొలి రోజుల్లో ఓసీటీ నార్మల్‌గానే ఉంటుంది. పోగులు ఎండి పొర పలచబడేసరికి ఆలస్యం అవుతుంది. ఇక్కడ మీ మామయ్య మగ్గమే మిషన్ కన్నా ముందు చెప్పింది.

రంగుల పుస్తకంతో పరీక్ష, ఫీల్డ్ టెస్టు చేయించండి. టీబీ మందులన్నీ మీరే ఆపేయకండి. ఏది ఆపాలో, దాని బదులు ఏమివ్వాలో టీబీ డాక్టరు చెప్పాలి. కిడ్నీ సరిగా పనిచేయనివాళ్లకు ముప్పు ఎక్కువ, ఆ పరీక్ష కూడా అడగండి.


కోడ్ రాముడు
మంగళవారం, రాత్రి 10:30

ఇదంతా చదువుతుంటే నాకొకటే అనిపిస్తోంది. మనుషులు ఎందుకు ఇంత కష్టపడాలి? ఏఐకి ఫోటో ఇస్తే చెప్పేస్తుంది కదా. 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది, 11 దేశాల నుంచి 14 వేలకు పైగా ఫోటోలతో నేర్పారు. మెదడులో ఒత్తిడి పెరగడం వల్ల వచ్చే నరం వాపును 96.4 శాతం పట్టేసింది. ఇంకో పదేళ్లలో ఈ థ్రెడ్ అవసరమే ఉండదు.


డల్లాస్ వాసి
బుధవారం, ఉదయం 7:50

రాముడు గారూ, మా అమ్మాయి కథ వినండి. పద్నాలుగేళ్లు. కళ్లజోడు కోసం వెళ్తే నరాలు రెండూ ఉబ్బి ఉన్నాయన్నారు. ఆ రాత్రే ఎమర్జెన్సీ, ఎంఆర్‌ఐ. అన్నీ నార్మల్. వెన్నులో సూది గుచ్చి నీరు తీసి ఒత్తిడి కొలుద్దామన్నారు. నేను ఇండియాలో ఉన్న మా బావమరిదికి ఫోన్ చేస్తే, సూదికి ముందు లోతుగా చూసే ఓసీటీ ఒకసారి తీయించు అన్నాడు. తీస్తే నరం తలలో పూడుకుపోయిన డ్రూజెన్ కనపడ్డాయి. సున్నపు గడ్డల్లాంటివి, పుట్టుకతో వచ్చే తీరు. వాపు కాదది, ఉబ్బెత్తు. సూది తప్పింది. మీ ఏఐ అయితే ఆ రాత్రి ఏమనేది?


న్యూరో ఐ
బుధవారం, రాత్రి 9:30

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది.

ఆ అధ్యయనం మంచిదే. అయితే అదే పేపర్లో ఇంకో అంకె ఉంది రాముడు గారూ, 84.7. అంటే వాపు లేని నూరు మందిలో సుమారు పదిహేను మందికి ఉందేమోనని గంట కొడుతుంది. కంటి డాక్టరు లేని ఎమర్జెన్సీలో, తలనొప్పితో వచ్చిన మనిషికి అది పనికొస్తుంది. ఒక్కర్ని వదిలేయడం కన్నా పదిహేను మందిని అదనంగా చూడటం మేలు. కానీ అది ఇచ్చేది మూడే జవాబులు: నార్మల్, ఒత్తిడి వాపు, మరేదో తేడా. ఈ థ్రెడ్ మొత్తం ఆ "మరేదో" అనే గంపలోనే ఉంది.

డ్రూజెన్, వాపు తేడా తేల్చడంలో మాత్రం ఓసీటీ మా పని నిజంగా మార్చింది. లోతుగా చూసే స్కానులో డ్రూజెన్ చుట్టూ మెరిసే అంచుతో, లోపల నల్లగా కనపడతాయి. నరం చుట్టూ తెల్లటి గుడ్ల లాంటి ముద్దలు కొన్నిటిని చాలాకాలం డ్రూజెన్ అనే రాసుకున్నాం. అవి వేరే అని, పోగులే వంగి ఉబ్బినవని 2018లో డ్రూజెన్ మీద పనిచేసే బృందం తేల్చి చెప్పింది. అవి నిజమైన వాపులోనూ కనపడతాయి. అంటే నిపుణులమైన మేమే తెల్లగా కనపడ్డదానికల్లా ఒకే పేరు పెట్టాం. మేం పెట్టిన పేర్లతోనే కదా ఏఐ నేర్చుకునేది.


లారీ గారి అబ్బాయి
శనివారం, సాయంత్రం 5:25

ఎంఆర్‌ఐ అయింది. పిట్యూటరీలో గడ్డ. 2.4 సెంటీమీటర్లు. పైకి పెరిగి కయాజాన్ని కిందనుంచి ఎత్తి పట్టిందట. క్యాన్సర్ లాంటిది కాదన్నారు. ప్రొలాక్టిన్ ఎక్కువ లేదు కాబట్టి మాత్రలతో కరిగే రకం కాదు, ముక్కులోంచి ఆపరేషన్ చేయాలట. ఫీల్డ్ టెస్టు పొద్దున పూట, నిద్ర పోయాక, పక్కన నిలబడి మళ్లీ చేయించారు. ఈసారి బాగా వచ్చింది. రెండు కళ్లకూ బయటి వైపు సగం నలుపు, పైభాగంలో ఎక్కువ. పాత ఫీల్డ్ కాగితం తీసి పక్కన పెట్టి చూస్తే, అందులోనూ అదే నలుపు పలచగా ఉంది. నమ్మలేమని పక్కన పెట్టిందే నిజం చెప్పింది.

ఆపరేషన్ తర్వాత చూపు ఎంత వస్తుందని అడిగితే సర్జన్ గారు ఆ రెండో పేజీనే అడిగి తీసుకున్నారు. గ్యాంగ్లియన్ పొర సగటు 68 ఉంది, మరీ ఎండిపోలేదు, ఆశ ఉంది అన్నారు.

ఆప్టో అక్కా, మీరు ఆ రాత్రి నిద్రపోయి ఉంటే నేను రెండో చుక్క వేయిస్తూ ఉండేవాణ్ని.


పాలకొల్లు పంతులు
శనివారం, సాయంత్రం 6:40

బాబూ, ఆ రోజు నేను రాసింది చదువుకుంటే సిగ్గుగా ఉంది. నాన్నగారు క్షేమంగా బయటపడాలి. నేనూ నా పాత ఫైలు దింపి రెండో పేజీ చూశాను. నాది కుడికంట్లో కింద మాత్రమే ఎరుపు, అడ్డగీత దగ్గర ఆగింది. పొలం గట్టు లాగానే ఉంది. గ్లాకోమా అని ఇంత సంతోషించినవాడు ఇంకొకడు ఉండడు.


గుంటూరు ఆప్టో
శనివారం, రాత్రి 9:10

పంతులు గారూ, మీరు చుక్కలు మానొద్దన్న మాట మాత్రం తప్పు కాదు. ఇక్కడ చదివి మానేసేవాళ్లు ఉంటారు.


లారీ గారి అబ్బాయి
మూడున్నర నెలల తర్వాత, ఆదివారం, ఉదయం 10:30

పాత థ్రెడ్ పైకి తెస్తున్నాను. ఆపరేషన్ అయి మూడు నెలలు. చూపు రెండు కళ్లకూ 6/9కి వచ్చింది. ఫీల్డ్‌లో నలుపు చాలావరకు విడిపోయింది, పై మూలల్లో కొంచెం మిగిలింది. విచిత్రం ఏమిటంటే గ్యాంగ్లియన్ పొర 67, అంటే పెరగలేదు. పోయిన పోగులు తిరిగి రావని, ఒత్తిడికి నొక్కుకుపోయి పని మానేసినవే మళ్లీ లేచాయని చెప్పారు. గ్లాకోమా లేదని తేల్చి చుక్కలు కూడా డాక్టరే ఆపేశారు. పొర ఇంకా పలచబడకుండా ఉందో లేదో ఆరు నెలలకోసారి అదే మిషన్ మీద చూస్తారట.

లారీ నడపడానికి ఇంకా ఒప్పుకోలేదు. మొన్న చెన్నై ట్రిప్పుకు డ్రైవర్‌ను పెట్టి, తాను క్లీనర్ సీట్లో కూర్చుని వెళ్లొచ్చారు. దారి పొడుగునా "ఎడమ పక్క బైకు" అని చెబుతూనే ఉన్నారని ఆ డ్రైవర్ మా దగ్గర మొత్తుకున్నాడు.


గుంటూరు ఆప్టో
ఆదివారం, ఉదయం 11:15

తమ్ముడూ, మంచి కబురు. ఒకటడుగుతా. మా దగ్గర ట్రైనింగ్‌కి వచ్చే పిల్లలకు ఆ రెండో పేజీ చూపిస్తాను, పేరు, నంబరు చెరిపేసి. నాన్నగారు ఒప్పుకుంటారా?


లారీ గారి అబ్బాయి
ఆదివారం, మధ్యాహ్నం 12:05

అడిగాను. చూపించుకోమన్నారు. పేరు వద్దంటే సరే, బొమ్మ కింద లారీ నంబరు వేయొచ్చా అని అడుగుతున్నారు.